తెలుగు చేయని మాట

చాలా ఏళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. అన్నం తింటున్నప్పుడు కూడా అది ఉన్నట్టే ఉంటుంది. డాక్టరుకు చూపిస్తే ఏమీ లేదన్నాడు. ఆయనకేం తెలుసు?

మీరెవరో నాకు తెలియదు. అదే మేలు. తెలిసినవాళ్లకైతే ఈ జన్మకు చెప్పలేను. పేరు రాయను. పేరు రాసే ధైర్యమే ఉంటే చెప్పాల్సిన మనిషి ముందర కూర్చుని చెప్పేదాన్ని కదా? ఆ మనిషి ఇంకా బతికే ఉంది. తరచూ ఫోన్ చేస్తుంది. ఫోన్ మోగిందంటే చాలు, ఈరోజు తెలిసిపోయిందేమో అనుకుంటాను. ఆమె మాత్రం ‘తిన్యావాక్కా?’ అని అడుగుతుంది.

ముందే చెప్పేస్తాను. లేకపోతే మధ్యలో భయపడి ఆపేస్తాను, నా సంగతి నాకు తెలుసు. రమణమ్మకు నేను అన్యాయం చేశాను. ఆమె మొగుడి ప్రాణానికి బదులుగా ఆమెకు రావలసినది రాకుండా చేశాను. దొంగతనం చేయలేదు. దొంగ వేలిముద్ర పెట్టలేదు. కోర్టులో నిలబడి ఒక మాటను తెలుగు చేయకుండా వదిలేశాను. అంతే. అంతేనా? చూడండి, ఇప్పుడు కూడా ‘అంతే’ అంటున్నాను. సిగ్గులేని నోరు.

కువైట్‌లో నేనూ రమణమ్మా ఒకే ఇంట్లో పనిచేసేవాళ్లం. ఇద్దరిదీ కడప జిల్లానే. నాది వంట. ఆమెది ఊడ్చడం, తుడవడం, బట్టలు. ఆ ఇంటి యజమానురాలిని మేము మామా అనేవాళ్లం, అక్కడ పనివాళ్లందరూ అలాగే అంటారు. ఆమె భర్తను బాబా అనేవాళ్లం. రమణమ్మ మొగుడు ఓబులేసు కూడా ఆ బాబా దగ్గరే పని. ఎక్కడో దక్షిణాన వఫ్రాలో వాళ్లకు తోట ఉండేది. టమాటాలకు నీళ్లు కట్టడం, గొర్రెలను చూసుకోవడం అతని పని. అటువైపు బస్సులు సరిగా తిరగవు. తోట నుంచి కూరగాయల బండి ఇంటికి వచ్చినప్పుడు ఎప్పుడైనా అందులో కూర్చుని వచ్చేవాడు. వంటింటి వెనక గుమ్మంలో మొగుడూ పెళ్లాం మాట్లాడుకుంటుంటే నేను పొయ్యి దగ్గర గిన్నెలు గట్టిగా చప్పుడు చేసేదాన్ని, వాళ్ల మాటలు నాకు వినపడటం లేదని వాళ్లకు తెలియాలని. అప్పట్లో నేను అంత మంచిదాన్ని.

నాకు పదో తరగతి దాకా చదువుంది. మా వీధిలో సాయిబుల ఇళ్లు ఎక్కువ, ఉర్దూ చిన్నప్పుడే వచ్చేసింది. ఆ ఊపులో అరబీ కూడా తొందరగా పట్టుబడింది. రమణమ్మకు తెలుగు తప్ప ఇంకొకటి రాలేదు. మామా ఏం చెప్పినా ముందు నా మొహం చూసేది. నేను చెప్తే ఇక తిరుగు లేదు.

ఇరాక్ సైన్యం వచ్చిన ఆగస్టులో మామా పిల్లలతో లండన్‌లో ఉంది. ఇంట్లో బాబా, మేమిద్దరం. పొద్దున్నే పాలకని తలుపు తీస్తే వీధి చివర ట్యాంకు నిలబడి ఉంది. తలుపు మూసేశాను. ఆ తర్వాత ఎన్ని రోజులు అన్నం సయించలేదో లెక్క లేదు. గేటు చప్పుడైతే ఇద్దరం స్టోరు గదిలో బియ్యం బస్తాల వెనక దూరేవాళ్లం. రమణమ్మ నా చెయ్యి పట్టుకుని ‘వాళ్లు ఏమంటాండారక్కా?’ అని గుసగుసగా అడిగేది. నాకు వాళ్ల మాట సగం అర్థమయ్యేది, సగం కాదు. అర్థమైన సగాన్ని కూడా నేను ఆమెకు చెప్పేదాన్ని కాదు. భయపడుతుందని. అలా దాయడం అప్పుడు ధర్మమే అనిపించింది.

మనవాళ్లు ఎక్కువగా ఉండే అబ్బాసియా పేట నుంచి అందరూ ఇరాక్ మీదుగా జోర్డాన్ చేరి అక్కడ విమానం ఎక్కుతున్నారని తెలిసింది. బాబా మా ఇద్దరి పాస్‌పోర్టులు మా చేతికిచ్చాడు. ఆ విషయంలో మంచివాడే, లేనిపోనిది అనకూడదు. ఓబులేసు పాస్‌పోర్టు మాత్రం ఇవ్వలేదు. వాడు కూడా పోతే తోటకు దిక్కెవరు, గొర్రెలకు నీళ్లెవరు పెడతారు, ఇంకో మనిషి దొరికేదాకా అక్కడే ఉండాలి, మోటార్లు జాగ్రత్త అన్నాడు. ఆ మాటలు బాబా నోట విన్నది నేనొక్కదాన్నే. రమణమ్మకు చెప్పింది కూడా నేనే. ఈ సంగతి గుర్తుంచుకోండి. తర్వాత నన్ను భయపెట్టింది ఇదే.

ఓబులేసు బస్సు దగ్గరికి వచ్చాడు. ఒక సంచి నిండా రొట్టెలు తెచ్చాడు. ‘నువ్వు పోమ్మే, నేను ఎనకాలే వస్తా’ అన్నాడు పెళ్లాంతో. నాకు చేతులు జోడించాడు. మేము దారిలో పడ్డ పాట్లు చెప్పను. ఎండ, దుమ్ము, నీళ్ల కోసం కొట్లాటలు. అవన్నీ చెబితే మీకు నా మీద జాలి కలుగుతుంది. ఆ జాలి నాకొద్దు.

అతను రాలేదు. ఆ చలికాలంలో సైనికులు తోటలోకి వచ్చి నీళ్ల మోటారు విప్పుకుపోతుంటే అడ్డం పోయాడట. మోటారు పోతే బాబా తనను అడుగుతాడని అరిచాడట. కాల్చేశారు. పక్క తోటలో పనిచేసిన మనిషి ఊరికి చేరాక ఈ కబురు తెలిపాడు. రమణమ్మ ఏడవలేదు. గోడకు ఆనుకుని కూర్చుని, ‘మోటారు కోసమా? మోటారు కోసమా?’ అని అదే మాట అంటూ ఉండిపోయింది.

యుద్ధం ముగిశాక మామా మళ్లీ మాకు వీసాలు పంపింది. నేను అప్పుల్లో మునిగి ఉన్నాను, ఎగిరి గంతేసి పోయాను. రమణమ్మ వేరే ఆశతో వచ్చింది. మొగుడిని ఎక్కడ పూడ్చారో చూడాలి, అతని ప్రాణానికి ఎవరో ఒకరు బదులు చెప్పాలి. కూతుర్ని చెల్లెలి దగ్గర వదిలి వచ్చింది. పిల్లను చదివించాలి, దాని నాయన కోరిక అదే అనేది.

బదులు అడగడానికి రెండు చోట్లున్నాయి. ఆ దండయాత్రలో నష్టపోయినవాళ్లకని పెట్టిన పరిహార నిధి ఒకటి. చనిపోయినవాళ్ల కుటుంబాలు కూడా దానికి అర్జీ పెట్టుకోవచ్చు. రెండోది కోర్టు. పాస్‌పోర్టు దగ్గర పెట్టుకుని, ప్రాణాపాయం ఉందని తెలిసీ మనిషిని పనిలో నిలిపి ఉంచాడని బాబా మీద కేసు. రమణమ్మ రెండూ చేసింది. ఆమె తరఫున మిర్కాబ్‌లో ఆఫీసు ఉన్న ఒక ఈజిప్టు వకీలు ఒప్పుకున్నాడు. సన్నగా, నిద్ర చాలని మనిషిలా ఉండేవాడు. ఆయన చెప్పిన చిక్కు ఇది. కోర్టులో బాబా తరఫువాళ్లు అంటారు, చంపింది యుద్ధం, మేము కాదు, పోయి నిధిని అడుక్కోమని. నిధివాళ్లు అడుగుతారు, ఇదే చావు మీద ఇంకెక్కడైనా కేసుందా, రాజీ అయ్యారా, ఏమైనా ముట్టిందా అని. కేసు నడుస్తుంటే వాళ్లు ఆగుతారు. కేసు ముగిస్తే ఎలా ముగిసిందో చూస్తారు. గెలిస్తే వచ్చినంత పోను మిగతాది ఇస్తారు. ఓడితే ఓడామని చెప్పి పూర్తిగా అడగవచ్చు. ‘కానీ హక్కు వదులుకున్నానని మాత్రం ఎక్కడా అనకూడదు. అంటే రెండు తలుపులూ మూసుకుంటాయి’ అన్నాడు. దాన్ని నేనే తెలుగులో రమణమ్మకు చెప్పాను. చక్కగా, ఒక్క ముక్క పోకుండా చెప్పాను. అప్పుడు చెప్పగలిగినదాన్ని తర్వాత ఎందుకు చెప్పలేకపోయాను?

కేసు వేసిన మనిషిని ఇంట్లో పెట్టుకోవడానికి మామాకు మనసొప్పలేదు. ఆమెను వేరే ఇంటికి తనాజుల్ చేస్తానంది. ఈ మాట గురించి కాస్త ఓపిగ్గా వినండి. ఇళ్లలో పనిచేసే మా ఆడవాళ్లకు తనాజుల్ అంటే ఒకటే అర్థం. ఒక కఫీల్, అంటే మన వీసా ఎవరి చేతిలో ఉందో ఆ యజమాని, మనల్ని ఇంకో యజమానికి వదిలిపెట్టడం. ఫలానా ఆమెకు తనాజుల్ అయిందంటే ఆ రోజు చాయ్ మీద చాయ్. కానీ అరబీలో ఆ మాటకు అసలు అర్థం వదులుకోవడం. యజమాని పనిమనిషిని వదులుకున్నా తనాజులే, మనిషి తన హక్కును వదులుకున్నా తనాజులే. మాలో చాలామందికి ఈ రెండో అర్థం తెలియదు. నాకు తెలుసు. వకీలు దగ్గర రమణమ్మకు చెప్పినప్పుడు నేను ‘హక్కు వదులుకోవడం’ అనే అన్నాను, తనాజుల్ అనలేదు. అంటే తేడా నాకు ఎంత బాగా తెలుసో చూడండి.

ఆ రోజుల్లోనే నా ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండడానికి ఇచ్చే అనుమతి, కొత్తది వేయించాలి. అది లేకపోతే వీధిలో నడవడానికి లేదు, ఎక్కడ పట్టుకుంటే అక్కడి నుంచే ఊరికి పంపేస్తారు. మామా ‘ఇన్షా అల్లా, ఈ వారం’ అంటుంది, మళ్లీ ‘వచ్చే వారం’ అంటుంది. ఆమె ఎప్పుడూ నన్ను బెదిరించలేదు. రమణమ్మ తరఫున మాట్లాడవద్దని అనలేదు. కోర్టుకు పోతానంటే డ్రైవరును కూడా ఇచ్చింది. అదే నన్ను ఇంకా కంగారు పెట్టింది. ఎందుకిచ్చింది? నా మీద నమ్మకమా? పరీక్షా? దానికి తోడు వకీలు ఒక మాట అన్నాడు. వచ్చే వాయిదాకు తర్జుమాకు ఇంకెవరినైనా చూసుకుంటాం, నిన్ను సాక్షిగా పిలుస్తాం, తోటలోనే ఉండాలని బాబా అన్న మాట విన్నది నువ్వే కదా అన్నాడు. బాబా ఎదురుగా నిలబడి, బాబా అన్నం తింటూ, బాబా మీద సాక్ష్యం! ముందు నుయ్యి, వెనక గొయ్యి. కొడుకు హాస్టల్ ఫీజు, అప్పులవాళ్లు, ఇఖామా, అన్నీ ఒక్కసారి బుర్రలో తిరిగాయి. దేవుడా, ఈ కేసు ఎలాగైనా ముగిసిపోతే బాగుండు అనుకున్నాను. అనుకున్నాను అని కాదు, మొక్కుకున్నాను. నా మొక్కు తీర్చింది నేనే.

ఆ రోజు కోర్టులో తర్జుమా చేసే మనిషికి హిందీ వచ్చు, తెలుగు రాదు. రమణమ్మకు హిందీ రాదు. అందుకని నన్ను ఆమె పక్కన నిలబెట్టి, ఉన్నది ఉన్నట్టు చెబుతానని ప్రమాణం చేయించారు. బాబా తరఫు వకీలు అభ్యంతరం చెప్పలేదు. మన ఈజిప్టు వకీలు ఇంకో గదిలో వేరే కేసులో ఉన్నాడు, పరిగెత్తుకుని వస్తున్నాడని చెప్పారు. ఈలోపే బాబా తరఫు ఆయన లేచి, ఈమె ఇల్లు మారేటప్పుడు మాతో గొడవ లేదని తనాజుల్ ఇచ్చింది, కేసు కొట్టేయండి అన్నాడు. న్యాయమూర్తి రమణమ్మ వైపు చూశాడు. పెద్దాయన, మెత్తగానే అడిగాడు. తనాజుల్ నిజమేనా అన్నాడు.

నేను ఆమె వైపు తిరిగాను. రమణమ్మ ఉతికిన చీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చింది. నా మొహం చూస్తోంది.

“రమణమ్మా, తనాజుల్ అయిందా అని అడుగుతాండారు” అన్నాను.

“అయిందక్కా, మొన్ననే అయిపాయ గదా. నీకు తెల్దా ఏంది?”

న్యాయమూర్తి మళ్లీ అడిగాడు, ఎవరైనా బలవంతం చేశారా అని. మంచి మనిషి. ఆగడానికి నాకు ఇంకో అవకాశం ఇచ్చాడు.

“నీ ఇష్టంతోనే అయిందా, ఎవురన్నా బలవంతం చేసినారా అంటాండారు.”

“నా ఇష్టంతోనేక్కా. ఎవురూ బలవంతం జెయ్యలేదు. సంతోషంగా ఉండానని చెప్పు ఆ సారుకు.”

నేను అరబీలోకి తిరిగాను. అవునంటోంది, తన ఇష్టంతోనే అంటోంది అన్నాను. సంతోషంగా ఉన్నానన్న మాట మాత్రం చెప్పలేదు. అది చెప్పడానికి నాకు నోరు రాలేదు. మిగతా అంతటికీ వచ్చింది.

ఒక్క చిన్న మాట తెలుగులో పెడితే చాలు కదా. రాయడం రాని రమణమ్మకు కూడా వదులుకోవడం అంటే ఏమిటో తెలుసు. నేను తొందరలో ఆ మాటను అలాగే వాడేశానా? నోటికి అలవాటై వచ్చిందా? చాలా ఏళ్లు ఇలాగే నాకు నేను చెప్పుకున్నాను. మనం రోజూ వాడే మాటే కదా, పొరపాటున దొర్లిందిలే అని. అబద్ధం. ఆమె వైపు తిరిగిన ఆ కాస్తలో రెండు మాటలూ నా నాలుక మీదే ఉన్నాయి. నేను ఎంచుకున్నాను. అప్పుడు ఆమె నాకు తోటి పనిమనిషిలా కాదు, నా ఇఖామాకు అడ్డం నిలబడిన మనిషిలా కనపడింది. ఈ వాక్యం రాయడానికి మూడుసార్లు పెన్ను కింద పెట్టాను.

ఈజిప్టు వకీలు వచ్చేసరికి రాసుకోవడం అయిపోయింది. ఆయన మొహం పాలిపోయింది. నన్ను వరండాలోకి లాగి, ‘నువ్వు సరిగ్గానే అడిగావా? ఆమెకు అర్థమైందా?’ అని అడిగాడు. అప్పుడైనా చెప్పవచ్చు. ఇంకా సమయం ఉంది. పై కోర్టుకు పోయి, తర్జుమాలో తప్పు జరిగిందని చెప్పుకునే వీలుందని ఆయనే అన్నాడు. నేను తల ఊపాను. అడిగాను, ఆమె అలాగే చెప్పింది అన్నాను. ఖలాస్ అన్నాడు. అంటే అయిపోయింది అని. ఫైళ్లు చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. నా ఇఖామా తొందరలోనే వచ్చింది.

తర్వాత అంతా ఆయన చెప్పినట్టే జరిగింది. హక్కుదారు తన ఇష్టంతో వదులుకున్నందున కేసు ముగిసింది అని కోర్టు రాసింది. ఆ నకలు నిధికి పోయింది. రాజీ అయ్యారు కదా, ఏమి తీసుకుని రాజీ అయ్యారో చూపించమని అడిగారు. ఏమీ తీసుకోలేదంటే ఎవరు నమ్ముతారు? ఏమీ తీసుకోకుండా మొగుడి చావును ఎవరైనా వదులుకుంటారా? వాళ్లను తప్పు పట్టలేను, వాళ్ల చోట నేనున్నా అదే అడిగేదాన్ని. చూపించడానికి రమణమ్మ దగ్గర ఏమీ లేదు. ఆ ఆఫీసుకూ ఈ ఆఫీసుకూ తిరిగింది. చివరికి గడువు దాటిపోయింది, అర్జీ చెల్లదన్నారు.

అబ్బాసియాలో ఎవరో ఆ కోర్టు కాగితం చదివి ఆమెకు తెలుగులో చెప్పారట. ఒక శుక్రవారం మామా ఇంటి వెనక గుమ్మం దగ్గరికి వచ్చింది. నన్ను తిడుతుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుని బోరుమంది. ‘నేను మన తనాజుల్ అనుకుంటినక్కా! నా ఎర్రితనం కాకపోతే, కోర్టులో పెద్దసారు నా ఇఖామా గురించి ఎందుకడుగుతాడు? నా నోరే నా మొగుని ప్రాణానికి రావాల్సినదానికి ఎసరు పెట్టె. నిన్ను గూడా మాటలో ఇరికిస్తి’ అంది. నన్ను ఇరికించిందట! నేను ఏమన్నానో తెలుసా? ‘నాకూ అట్లే అర్థమైందిలే రమణమ్మా, ఊరుకో’ అన్నాను. ఆమె తల నా భుజం మీద పెట్టుకుని నిమిరాను కూడా. కోర్టులో చేసినదానికంటే ఇది పెద్ద పాపమేమో. కోర్టులో భయం ఉంది. అక్కడ ఏముంది?

నేను ఊరు చేరి చాలా కాలమైంది. ఇల్లుంది, ఫ్యానుంది, కొడుకు ఉద్యోగం చేస్తున్నాడు. రమణమ్మ ఇంకా అక్కడే, మోకాళ్లు పట్టేసినా, బ్యాచిలర్ల గదులకు వంట చేస్తోంది. కూతురి చదువు మధ్యలోనే ఆగిపోయింది. ఆ పిల్ల కూడా ఇప్పుడు అక్కడే ఇంకెవరి ఇంట్లోనో బట్టలు ఉతుకుతోంది. ఫోన్‌లో మాట్లాడినప్పుడల్లా రమణమ్మ ఏదో ఒక సందర్భంలో ఆ రోజు ఎత్తుతుంది. ‘నా నోరక్కా, నా నోరు’ అంటుంది. నోరు జారినవాళ్ల కథ ఎవరైనా చెబితే తన కథ చెబుతుందట. నలుగురూ నవ్వుతారట, ఆమె కూడా నవ్వుతుందట. నేను ఇటు నుంచి ‘పోనీలే’ అంటాను. ఎన్నిసార్లు అన్నానో ఆ పోనీలే!

చెబితే ఏమవుతుంది? ఆ గడువు తిరిగి రాదు. ఆ వకీలు ఉన్నాడో లేదో. ఆమెకు ఉన్న ఒక్క స్నేహితురాలూ పోతుంది. ఇలా ఎన్నో కారణాలు చెప్పుకుంటాను. అన్నిటికీ కింద ఉన్నది ఒకటే, ఆమె నన్ను అక్కా అనడం మానేస్తుందని భయం. క్షమించమని అడగను. అడిగితే ఆమె క్షమించేస్తుంది, అలాంటి మనిషి. అది నేను తట్టుకోలేను. ఇది చదివినవాళ్లలో ఎవరికైనా ఆమె ఎవరో తెలిసిపోయి, పోయి చెప్పేస్తే, నేను కాదనను. చెప్పండి. నేను చేయలేని పని మీరు చేసినట్టవుతుంది.

ఒక్కటి మాత్రం నేనే చేయాలి. ఆ రోజు చేయాల్సిన తర్జుమా. ఇప్పుడు చేస్తున్నాను. రమణమ్మా, ఆ పెద్దాయన నిన్ను అడిగింది ఇది: ‘నీ మొగుడు ఓబులేసు ప్రాణానికి నీకు రావలసిన హక్కును నీ అంతట నువ్వు వదులుకున్నావా?’ ఈ మాట నీ చెవిన ఎవరూ వేయలేదమ్మా. నీ నోరు జారలేదు. నిన్ను అసలు ఎవరూ అడగనే లేదు.